పిస్తోలు సంరక్షణ: కాల్పుల లెక్కా, కాలపు లెక్కా?

లైసెన్సు చేతికి వచ్చి తొలిసారి పిస్తోలు కొన్నవారికి దానిని ఎప్పుడు విప్పాలి, ఎంతవరకు విప్పాలి, దేనితో తుడవాలి, తిరిగి బిగించాక సరిగా కుదిరిందని ఎలా తెలుసుకోవాలి అన్న ప్రశ్నలు వెంటనే ఎదురవుతాయి. వీటికి జవాబులు లేక కాదు, ఒకదానితో ఒకటి పొసగని జవాబులు ఎక్కువై కొత్తవారు తికమకపడుతున్నారు. ఆర్మ్‌డ్ రిజర్వులో పనిచేసి వచ్చినవారు రోజూ తుడవాలంటారు. ఆయుధ డీలరు ఏడాదికోసారి తన దగ్గరకు తెస్తే చాలంటాడు. తాతల నాటి విదేశీ పిస్తోలు వారసత్వంగా దక్కిన కుటుంబాలు అసలు విప్పకపోవడమే మేలని నమ్ముతాయి. అమెరికాలో స్థిరపడిన బంధువులు ఎన్ని రౌండ్లు కాల్చారన్న దానిమీదే అంతా ఆధారపడి ఉంటుందని చెబుతారు. ఈ నాలుగు మాటలకూ అవి పుట్టిన చోట తగిన కారణాలు ఉన్నాయి. ఆ కారణాలను విడదీసి చూస్తే, నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, అంటే వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో నివసించే లైసెన్సుదారుకు వీటిలో ఏది ఎంతవరకు వర్తిస్తుందో తేలుతుంది.

ఏ పిస్తోళ్లు, ఎవరి చేతుల్లో

చేతి తుపాకుల్లో రెండు రకాలున్నాయి. గుండ్రంగా తిరిగే డబ్బాలో తూటాలు నిలిచేది రివాల్వరు. పిడిలోకి దూర్చే మ్యాగజైనులో తూటాలు వరుసగా ఉండి, కాల్చిన ప్రతిసారీ పైనున్న స్లైడు వెనక్కి వెళ్లి ఖాళీ తొడుగును బయటికి విసిరి, ముందుకు వస్తూ కొత్త తూటాను ఛాంబరులోకి, అంటే బ్యారెల్ అనే గొట్టం వెనుక తూటా కూర్చునే గదిలోకి, తోసేది పిస్తోలు. రివాల్వరును మామూలు శుభ్రతకు దాదాపు విప్పనక్కరలేదు. పిస్తోలును మాత్రం స్లైడు, బ్యారెల్, వెనక్కి తన్నే శక్తిని మింగే రికాయిల్ స్ప్రింగు, కింది ఫ్రేము అనే నాలుగు ముక్కలుగా విడదీస్తే తప్ప లోపలి మసి, తేమ కంటికి కనబడవు. అందువల్ల విప్పడం, బిగించడం అనే చర్చ అంతా ప్రధానంగా పిస్తోలు చుట్టూనే నడిచింది.

1959 నాటి ఆయుధాల చట్టం కింద భారతదేశంలో సాధారణ పౌరుడికి 9 మిల్లీమీటర్ల పిస్తోలు దొరకదు; అది నిషిద్ధ బోరుల, అంటే నిషిద్ధ గొట్టపు కొలతల, కోవలోకి వస్తుంది. పౌరుల చేతుల్లో ఉండేవి ఎక్కువగా .32 బోరు పిస్తోళ్లు, రివాల్వర్లు, కొంతమేరకు .22 బోరువి. గ్రామీణ లైసెన్సుల్లో ఒంటి గొట్టం, జంట గొట్టాల తుపాకులకు చట్టమే కొంత వెసులుబాటు ఇచ్చింది కాబట్టి మెట్ట గ్రామాల్లో చేతి తుపాకులు తక్కువ. 2019 సవరణ ఒకరి దగ్గర ఉండదగిన ఆయుధాల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించి, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది. అటవీ అంచుల్లో అక్రమంగా తయారయ్యే నాటు తుపాకుల సమస్య పూర్తిగా వేరు. దానికి సంరక్షణ పద్ధతులు కాదు, చట్టమే జవాబు.

మన దేశంలో ఈ చర్చకు ఒక ప్రత్యేకత ఉంది. 1980ల నడుమ నుంచి సాధారణ పౌరులు విదేశీ చేతి తుపాకులను దిగుమతి చేసుకునే దారి దాదాపు మూసుకుపోయింది. దానివల్ల అంతకు ముందు వచ్చిన వెబ్లీ అండ్ స్కాట్, బ్రౌనింగ్, కోల్ట్ పిస్తోళ్లు ఏళ్ల తరబడి చేతులు మారుతూ నిలిచాయి. వాటి విడిభాగాలు మాత్రం బజారులో లేవు. పైగా చట్టం దృష్టిలో ఆయుధపు భాగం కూడా ఆయుధమే. ఒక చిన్న స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడిపోతే అమెరికాలో అది తపాలాలో వచ్చే వస్తువు. ఇక్కడ అది పిస్తోలు మూలన పడటానికి చాలినంత నష్టం. పాత పిస్తోలు ఉన్న ఇంట్లో విప్పడానికి జంకడం అజ్ఞానం వల్లనే అని కొట్టిపారేయడం అన్యాయం.

ఉప్పు మిగిల్చిన తూటాల కాలం

.32 బోరు పిస్తోలు తూటా 1899లో, జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన తొలి తరం పిస్తోలుతో పాటు బెల్జియంలో వెలుగు చూసింది. ఆ కాలపు తూటాల అడుగున నిప్పు పుట్టించే మందు, అంటే ప్రైమరులో పొటాషియం క్లోరేటు ఉండేది. కాల్చిన తర్వాత అది బ్యారెల్‌లో పొటాషియం క్లోరైడు అనే లవణాన్ని మిగిల్చేది. ఆ లవణం గాలిలోని తేమను లాక్కుని ఒక్క రాత్రిలోనే ఉక్కును తుప్పు పట్టించగలదు. నూనెలో అది కరగదు, నీటిలోనే కరుగుతుంది. కాల్పులు ముగిసిన వెంటనే బ్యారెల్‌లో వేడినీళ్లు పోసి, పుల్‌త్రూ అనే తాడుకు గుడ్డపేలిక కట్టి లాగి, ఆరాక నూనె పట్టించాలన్న సైనిక నియమం అక్కడి నుంచి పుట్టింది. వలస పాలన నాటి పోలీసు, సైనిక దళాల ద్వారా అది తెలుగు నేలకు వచ్చి, నేటికీ బెల్ ఆఫ్ ఆర్మ్స్ అని పిలిచే పోలీసు ఆయుధాగారాల్లో ఒక ఆచారంగా మిగిలింది.

తేమను లాగే లవణం లేని ప్రైమర్లు 1920ల చివరి నుంచి పౌర వాడుకలోకి వచ్చాయి. సైన్యాలు మాత్రం రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత కూడా కొన్నేళ్లపాటు పాత రకాన్నే వాడాయి. కారణం పోయిన తర్వాత కూడా నియమం కొనసాగింది. ఈనాటి తూటా మిగిల్చే మసి ఆనాటి లవణమంత తొందరగా తినేయదు. అయినా కాల్చిన రోజే తుడవాలన్న అలవాటు చెడ్డది కాదు. అది ఎందుకు మొదలైందో తెలిస్తే మాత్రం, ఒక్క రౌండూ కాల్చని పిస్తోలును ప్రతిరోజూ విప్పి బిగించడం అవసరమా అన్న ప్రశ్నకు జవాబు సులువవుతుంది.

ఎంత తరచుగా: మూడు సంప్రదాయాలు

డీలరు మాటను పక్కన పెడితే, ఈ విషయంలో మూడు ఆలోచనా ధోరణులు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది సైనిక, పోలీసు సంప్రదాయం. ఆయుధం అనేక చేతులు మారుతుంది, తనిఖీ జరుగుతుంది, ఏ క్షణాన ఏ సిబ్బందికి అవసరమవుతుందో తెలియదు. కాబట్టి రోజువారీ శుభ్రత అక్కడ యంత్రానికే కాక క్రమశిక్షణకు కూడా సంబంధించినది. ఎన్‌సీసీ శిబిరాల్లో చేరిన తెలుగు విద్యార్థులు హిందీ ఆదేశాలతో ‘ఖోల్నా, జోడ్నా’ అంటూ రైఫిలు విప్పి బిగించడం నేర్చుకునేది ఈ సంప్రదాయంలోనే. దీని బలం పునరావృతి. చేతికి వరుస పట్టుబడితే పొరపాట్లు తగ్గుతాయి. అరుగుదల దీని లోపం. అవసరం లేకుండా విప్పిన ప్రతిసారీ పిన్నుల రంధ్రాలు వదులవుతాయి, గొట్టం మూతి దగ్గర తుడిచే లోహపు కడ్డీ రాసుకుంటుంది.

రెండోది తయారీదారుల, క్రీడాకారుల సంప్రదాయం. కాల్చిన రౌండ్ల సంఖ్యను బట్టి శుభ్రత, స్ప్రింగుల మార్పిడి నిర్ణయించాలని ఇది చెబుతుంది. తరచూ రేంజికి వెళ్లి కాల్చే దేశాల్లో పెరిగిన ఈ పద్ధతి శాస్త్రీయమైనది, కొలవదగినది. ఆధునిక పిస్తోలుకు నిజంగా అరుగుదల తెచ్చేది కాల్పులేనన్న దీని మూలసూత్రం కాదనలేనిది.

మూడోది సేకరణదారుల, వారసుల సంప్రదాయం. పైపైన నూనె గుడ్డతో తుడవడం తప్ప ముట్టుకోకూడదని దీని వాదం. అరుదైన ఆయుధాల విషయంలో ఇది కొంతవరకు సమంజసమే అయినా, స్లైడు కింద, పిడి చెక్కల కింద, మ్యాగజైను లోపల కనబడకుండా మొదలైన తుప్పును ఇది ఎప్పటికీ పట్టుకోలేదు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే, వింజమూరు వంటి చోట ఉన్న లైసెన్సుదారుకు ఏదీ నేరుగా సరిపోదని తేలుతుంది. అతని ఆయుధం రోజూ చేతులు మారదు కాబట్టి మొదటిది అతిగా ఉంటుంది. తూటాలు లైసెన్సుపై రాసిన మేరకే దొరుకుతాయి, కాల్చి చూసుకునే రేంజి దగ్గరలో ఉండదు, ఏడాదిలో ఒక్క రౌండూ పేలకపోవచ్చు. రౌండ్ల లెక్క సున్నా అయినప్పుడు రెండో పద్ధతి ప్రకారం చేయవలసిన పనీ సున్నాయే అవుతుంది. మూడోది తుప్పును కంటికి కనబడకుండా కప్పిపెడుతుంది. మన పల్లెల్లో పిస్తోలుకు ఆయుఃక్షీణం కాల్పుల వల్ల కాదు, కదలకుండా ఉండటం వల్ల. అందుకని ఇక్కడ సరైన కొలమానం కాలం, వాతావరణం. నెల్లూరు జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తుపానుల రోజుల్లో గాలి రోజుల తరబడి తడిగా ఉంటుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే వేడికి పలుచని నూనె ఎండిపోతుంది, మెట్ట నేలల ఎర్రదుమ్ము దాని జిగురుకు అంటుకుంటుంది. వానలకు ముందు ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి విప్పి తుడవడం, మధ్యలో నెలకోసారి పైపైన తుడిచి చూడటం, ఎప్పుడు కాల్చినా అదే రోజు శుభ్రం చేయడం అన్న పద్ధతి ఈ ప్రాంతానికి తగినదిగా కనిపిస్తుంది.

ఏ నూనె, ఎంత

బ్రిటిషు కాలంలో తుపాకులకు రంగూన్ నూనె అనే ఖనిజ తైలం పేరుపడింది. తర్వాత కుట్టుమిషను నూనె, కిరసనాయిలు, కొన్ని ఇళ్లలో కొబ్బరినూనె, ఆముదం ఆ స్థానంలోకి వచ్చాయి. 1980ల నుంచి శుభ్రపరచడం, కందెనగా ఉండటం, తుప్పు నుంచి కాపాడటం అనే మూడు పనులూ ఒకే ద్రవం చేస్తుందన్న తరహా నూనెలు అమెరికా సైన్యం నుంచి ప్రపంచమంతటా వ్యాపించాయి. ఒకే సీసా చాలనేవారికీ, మసిని కరిగించే ద్రవం వేరు, కందెన వేరు ఉండాలనేవారికీ మధ్య వాదం నేటికీ సాగుతూనే ఉంది. కొద్దిగా మాత్రమే కాల్చే యజమానికి ఈ తేడా పెద్దగా లెక్కలోకి రాదు.

లెక్కలోకి వచ్చేది వంటింటి నూనెల సంగతి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. పుష్యమాసపు రాత్రుల్లో మెట్టలో అంతకంటే చల్లబడటం సాధారణం. గడ్డకట్టిన నూనె ఫైరింగ్ పిన్ను, అంటే ప్రైమరును కొట్టే సన్నని కడ్డీ, దారిని మూస్తుంది. మొక్కల నూనెలు చాలావరకు కాలం గడిచేకొద్దీ గాలి తగిలి జిగటగా మారతాయి. కిరసనాయిలు మసిని బాగానే కరిగిస్తుంది, కానీ తనతో పాటు పాత నూనె పొరను కూడా తీసుకుపోతుంది. దానితో కడిగి నూనె పట్టించకుండా వదిలేసిన ఉక్కు అంతకుముందుకంటే తొందరగా తుప్పుపడుతుంది. హార్డ్‌వేరు దుకాణాల్లో దొరికే డబ్ల్యూడీ-40ని 1953లో అమెరికాలో తేమను తొలగించి తుప్పును ఆపడానికి రూపొందించారు. తడిసిన పిస్తోలుకు అది తక్షణ సాయమే గాని నెలల తరబడి నిలిచే కందెన కాదు. వేరే ఏదీ అందుబాటులో లేనప్పుడు కుట్టుమిషను నూనె వీటన్నిటికంటే మేలు. అయితే అది పలుచగా ఉండి త్వరగా ఆరిపోతుంది కాబట్టి తరచూ చూసుకోవాలి. నికెల్ పూత ఉన్న పాత పిస్తోళ్లకు అమ్మోనియా కలిసిన ద్రావకాలు తగిలితే పూత లేచిపోతుంది.

మోతాదు విషయంలో నిపుణుల్లో దాదాపు ఏకాభిప్రాయం ఉంది: స్లైడు జారే పట్టాల మీద ఒక్కో చుక్క, బ్యారెల్ బయటివైపు ఒక పలుచని పూత, అంతకు మించి వద్దు. ఛాంబరు, గొట్టం లోపలి భాగం కాల్చే ముందు పొడిగా ఉండాలి. నూనె ప్రైమరులోకి ఇంకితే తూటా పేలకపోవచ్చు కాబట్టి నూనె చేతులతో తూటాలను ముట్టుకోకూడదు. తోలు తొడుగులో పెట్టి దాచడం మన ఇళ్లలో బాగా కనిపించే పొరపాటు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, దానిని పదును చేసిన రసాయనాలు ఉక్కును తింటాయి. తొడుగు మోసుకుపోవడానికే, దాచడానికి కాదు.

ఎంతవరకు విప్పాలి, ఎలా బిగించాలి

పరికరాలు లేకుండా చేతితో నాలుగు ప్రధాన భాగాలుగా విడదీయడాన్ని ఫీల్డ్ స్ట్రిప్ అంటారు. ట్రిగ్గరు యంత్రాంగం, పిన్నులు, చిన్న స్ప్రింగులు కూడా ఊడదీయడం పూర్తి విప్పుడు. యజమాని చేయి మొదటి దాని దగ్గరే ఆగాలన్న విషయంలో తయారీదారుల చేతిపుస్తకాలు, పోలీసు ఆర్మరర్లు, అంటే ఆయుధాల మరమ్మతు నిపుణులు, ఏకమవుతారు. మన చట్టం దీనికి మరో గీత గీసింది: తన ఆయుధాన్ని తుడుచుకోవడం యజమాని హక్కే, కాని ఇతరుల ఆయుధాలను వృత్తిగా బాగుచేయడానికి లైసెన్సు కావాలి. ఊళ్లోని లేతు మిషను వాడికో, సైకిలు షాపుకో పిస్తోలు ఇవ్వడం ఇద్దరినీ చిక్కుల్లో పడేస్తుంది.

విప్పే వరుస నమూనాను బట్టి మారుతుంది. బ్రౌనింగ్ 1910 తరహా పాత .32 పిస్తోళ్లలో బ్యారెల్ కదలదు. దాని చుట్టూనే స్ప్రింగు చుట్టుకుని, మూతి దగ్గరి బిళ్ల దానిని నొక్కి ఉంచుతుంది. ఆ బిళ్లను తిప్పేటప్పుడు బొటనవేలితో గట్టిగా ఆపకపోతే స్ప్రింగు కంటికి తగిలే వేగంతో ఎగురుతుంది. కళ్లద్దాలు పెట్టుకోవడం, లేత రంగు తువ్వాలు పరచి దానిమీద పనిచేయడం ఇందుకే. గ్లాక్ వంటి కదిలే బ్యారెల్ నమూనాల్లో స్ప్రింగు బ్యారెల్ కింద ఉంటుంది. తిరిగి పెట్టేటప్పుడు దాని వెనుక చివర బ్యారెల్ కాళ్ల దగ్గర తన చోటులో సరిగా కూర్చుందో లేదో చూడాలి. కొత్తవారు ఎక్కువగా తప్పేది ఇక్కడే. వంకరగా కూర్చున్న స్ప్రింగుతో స్లైడును బలవంతంగా తోస్తే పట్టాలు దెబ్బతింటాయి. అన్ని నమూనాలకూ వర్తించే నియమం ఒక్కటే: విప్పిన వరుసకు తిరగేసిన వరుసలో బిగించాలి, ఎక్కడా బలం వాడకూడదు, బలం కావలసి వస్తే ఏదో తప్పు కూర్చుందని అర్థం.

విప్పే ముందు, బిగించిన తర్వాత

నూనెల మీద జరిగిన చర్చలో పదోవంతు కూడా విప్పే ముందు, బిగించిన తర్వాత తీసుకోవలసిన జాగ్రత్తల మీద జరగలేదు. ప్రాణాలు పోయేది మాత్రం ఇక్కడే. 2024 నవంబరులో అమెరికాలోని అట్లాంటాలో, తెలంగాణ నుంచి చదువుకోవడానికి వెళ్లిన ఒక యువకుడు తన తుపాకిని శుభ్రం చేస్తుండగా అది పేలి మరణించాడని వచ్చిన వార్త తెలుగు ఇళ్లన్నింటినీ కలచివేసింది. అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం విద్యార్థి, ఉద్యోగ వీసాల మీద ఉన్నవారు తుపాకి కలిగి ఉండటం సాధారణంగా నిషిద్ధం. వేట లైసెన్సు పొందినవారికి మినహాయింపు ఉంది.

పిస్తోలులో జరిగే అతి పెద్ద పొరపాటు వరుస తప్పడం. ముందు మ్యాగజైను తీయాలి, తర్వాత స్లైడును వెనక్కి లాగి ఛాంబరులో ఉన్న తూటాను బయటికి రప్పించాలి. ఈ వరుస తిరగబడి, ముందు స్లైడు లాగి తర్వాత మ్యాగజైను తీస్తే, లాగినప్పుడు ఒక తూటా బయటికి వచ్చినా మ్యాగజైను నుంచి మరొకటి ఛాంబరులోకి ఎక్కి ఉంటుంది. యజమాని మాత్రం ఖాళీ అనుకుంటాడు. స్లైడును వెనక్కి నిలిపి ఛాంబరును కంటితో చూసి, చిటికెనవేలితో తడిమి నిర్ధారించుకోవాలి. తూటాలన్నింటినీ వేరే గదికి పంపాకే శుభ్రత మొదలుపెట్టాలి. గొట్టం మూతి ఎప్పుడూ మనుషులు లేని దిక్కుకు, గోడ అవతల ఎవరూ ఉండరని తెలిసిన వైపుకు ఉండాలి.

డిజైనుల మధ్య నిజమైన వివాదం ఉన్నది కూడా ఇక్కడే. గ్లాక్ పిస్తోళ్లలో స్లైడు తీయాలంటే ముందుగా ట్రిగ్గరు నొక్కవలసి ఉంటుంది. ఛాంబరు ఖాళీ అనుకున్నది ఖాళీ కాకపోతే ఆ నొక్కుడే ప్రమాదం. స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ తరహా నమూనాల్లో లోపలి మీటతో, సిగ్ పీ320లో విప్పే మీట ద్వారానే, ట్రిగ్గరు నొక్కకుండా విప్పే ఏర్పాటు చేశారు. యంత్రం సరళంగా ఉండటమే భద్రత అని ఒక వర్గం, మనిషి పొరపడతాడని ముందే లెక్కగట్టాలని మరో వర్గం వాదిస్తాయి. కొత్త యజమాని దృష్టితో చూస్తే రెండో వర్గం వాదనే బలమైనది.

బిగించిన తర్వాత చేసే పరీక్షకు తూటా అవసరం లేదు. ఛాంబరు ఖాళీ అని మళ్లీ చూసుకుని, స్లైడును పూర్తిగా వెనక్కి లాగి వదలాలి. ట్రిగ్గరు నొక్కితే లోపలి సుత్తి పడిన శబ్దం వినాలి. ట్రిగ్గరును పట్టి ఉంచి స్లైడును మళ్లీ లాగి, ట్రిగ్గరును మెల్లగా వదిలితే అది తిరిగి తన చోటికి చేరడం తెలియాలి. సేఫ్టీ మీట ఉన్న నమూనా అయితే, అది వేసినప్పుడు ట్రిగ్గరు పనిచేయకూడదు. వీటిలో ఏది తప్పినా పిస్తోలును లైసెన్సున్న డీలరు దగ్గరకు తీసుకుపోవాలి. పొలంలో ఒక రౌండు కాల్చి చూస్తే సరిపోతుందన్న మాట ఇంకా వినబడుతూనే ఉంది. 2019 సవరణ ప్రకారం ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేలా నిర్లక్ష్యంగా కాల్చినా, వేడుకల్లో కాల్చినా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పని ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మసిలో సీసం ఉంటుంది.

స్టేషనులో గడిచే నెలలు

విదేశీ చేతిపుస్తకాలేవీ ప్రస్తావించని పరిస్థితి ఒకటి మనకుంది. ఎన్నికల నియమావళి అమలులోకి రాగానే, జిల్లా స్థాయి కమిటీ మినహాయించినవారు తప్ప, లైసెన్సుదారులు తమ ఆయుధాలను పోలీసు స్టేషనులోనో, డీలరు వద్దనో జమచేయవలసి వస్తుంది. 2024లో నియమావళి మార్చి 16న మొదలైంది, ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు మే 13న, లెక్కింపు జూన్ 4న జరిగాయి. అంటే రెండున్నర నెలలకు పైగా, నడి ఎండాకాలమంతా, పిస్తోళ్లు యజమాని చేయి తగలకుండా పడి ఉన్నాయి. జమచేసే ముందు తూటాలు వేరుచేసి, విప్పి తుడిచి, మామూలుకంటే కొంచెం దట్టంగా నూనె పూసి, తోలు తొడుగులో కాకుండా పొడి నూలుగుడ్డలో చుట్టి ఇవ్వడం, రసీదుపై ఆయుధం నంబరు సరిచూసుకోవడం, తిరిగి వచ్చిన రోజే మళ్లీ విప్పి ఆ దట్టమైన నూనెను తీసేయడం ఇక్కడ అత్యవసరమైన సంరక్షణ. పండుగ రోజుల ఆర్భాటపు శుభ్రతకంటే ఈ రెండు పూటల పని విలువైనది.

తేలని సంగతులు

2016 నాటి ఆయుధ నియమాలు లైసెన్సు కోరేవారికి భద్రతా శిక్షణను విధించాయి. ఆయుధాల సంరక్షణ కూడా అందులో భాగమే. ఆ శిక్షణలో అభ్యర్థి తన చేతులతో పిస్తోలు విప్పి బిగించి చూపాలా, వినడం చాలా అన్నది మాత్రం స్థిరపడలేదు. విడిభాగాలు దొరకని పాత విదేశీ పిస్తోళ్ల విషయంలో, లోపలి స్ప్రింగులు అలసిపోయే వరకు ఎదురుచూడాలా, ముందుగానే కాల్పులకు పక్కనపెట్టాలా అన్న దానిమీద నిపుణులు ఏకం కాలేదు. ట్రిగ్గరు నొక్కి విప్పే నమూనాలపై వాదం ఇంకా నడుస్తూనే ఉంది. వీటిలో మొదటిది ప్రభుత్వం తేల్చవలసినది, తేల్చగలిగినది కూడా.

అంతవరకు కొత్త యజమానులు చేయదగిన పని ఒకటుంది. కొన్న రోజే, ఇంటికి తీసుకుపోకముందే, డీలరు బల్ల మీద తూటా లేని పిస్తోలును అతని ఎదుటే స్వయంగా విప్పి, తుడిచి, బిగించి, పరీక్ష చేసి చూపాలి. అది తప్పుల్లేకుండా వచ్చేదాకా ఒంటరిగా ఇంట్లో విప్పకూడదు.